ఓటీపీ అడిగాం, దుకాణం చూడలేదు

ఆన్‌లైన్‌లో చిన్న దుకాణం పెట్టుకున్నవాళ్ల పన్ను తప్పుల ప్రస్తావన వస్తే మా వృత్తిలో అందరం ఒకే మాట అంటాం: ‘వాళ్లకు తెలీదండీ’. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆవిడకు తెలీదు. మంగళగిరి చీరలు అమ్మే కుర్రాడికి తెలీదు. సైట్ చేసిచ్చిన అబ్బాయికి అసలే తెలీదు. నిజమే, వాళ్లకు తెలీదు. తెలిసింది మాకు. తెలిసిన మేం ఏం చేశామని మమ్మల్ని అడిగినవాళ్లు లేరు, మమ్మల్ని మేమూ ప్రశ్నించుకోలేదు.

మేమంటే పేరు పక్కన సీఏ ఉన్నవాళ్లం, లేనివాళ్లం, జీఎస్టీ ప్రాక్టీషనర్లం, టాలీలో లెక్కలెక్కించి రిటర్నులు వేసేవాళ్లం. ఊళ్లో జనానికి అందరం ‘ఆడిటర్ గారే’. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక మా దగ్గరికి రాక తప్పని చిన్న వ్యాపారులు ఒక్కసారిగా పెరిగారు. ఆధార్, పాన్, కరెంటు బిల్లు తీసుకుని నంబరు తీయించి ఇచ్చాం. ఆ తర్వాత నెలనెలా 11వ తారీఖుకు జీఎస్టీఆర్-1, 20వ తారీఖుకు జీఎస్టీఆర్-3బి. గడువు రోజున ఫోన్ చేసి ‘అమ్మా, ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి’ అంటాం. ఆవిడ అంకెలు చదువుతుంది, మేం కొడతాం, పెట్టేస్తాం. చాలామంది క్లయింట్లతో మా సంబంధం ఆ అర నిమిషమే. ఆవిడ సైట్ ఎలా ఉంటుందో, అందులో పన్ను ఎక్కడ పడుతుందో, కొన్నవాళ్లకు వెళ్లే బిల్లులో ఏముందో మేం చూడలేదు. రిపోర్టు పంపితే మొత్తం చూసి పన్ను కట్టించాం.

ఆన్‌లైన్ దుకాణంలో పన్ను సంగతి రిటర్ను వేసే రోజున తేలదు. సైట్ పెట్టిన రోజునే, సెట్టింగ్స్ పేజీలోనే తేలిపోతుంది. బజార్లో కొట్టు నడిపే మనిషి ఒక బిల్లు తప్పు రాస్తే ఒక్క బిల్లే తప్పు, మర్నాడు సరిగ్గా రాస్తాడు. ఇక్కడ ఒక వరుస తప్పు పడితే అర్ధరాత్రి వచ్చిన ఆర్డరుతో సహా ప్రతి బిల్లూ అదే తప్పుతో పుడుతుంది. అంటే చట్టం తెలిసిన మనిషి అక్కర ఉన్నది ఆ మొదటి రోజున. ఆ రోజున అక్కడ మేం లేం.

ఒక్క పట్టిక చూపిస్తాను. మన చిన్న దుకాణాలు ఎన్నో వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్‌తో నడుస్తాయి. అందులో పన్ను రేట్ల పేజీ తెరిస్తే దేశం, రాష్ట్రం, పిన్‌కోడ్, ఊరు, రేటు, పన్ను పేరు, ప్రయారిటీ, కాంపౌండ్, షిప్పింగ్ అని గడులుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొట్టున్న మనిషి 5 శాతం సరుకు సొంత రాష్ట్రంలో అమ్మాలంటే కేంద్రం వాటా సీజీఎస్టీ 2.5 ఒక వరుస, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 2.5 ఇంకో వరుస. సైట్ చేసిన అబ్బాయి రెండూ నింపుతాడు, రెండింటికీ ప్రయారిటీ దగ్గర 1 అనే వదిలేస్తాడు. ఆ సాఫ్ట్‌వేర్ నియమం ఏమిటంటే ఒక ప్రయారిటీకి ఒక్క రేటునే లెక్కలోకి తీసుకుంటుంది. రెండో వరుసకు 2 అని వేయకపోతే అది ఉన్నా లేనట్టే. 4,000 రూపాయల చీర మీద 200 పడాల్సిన పన్ను 100 పడుతుంది. అక్కడే కాంపౌండ్ గడిలో టిక్కు పడిందంటే సీజీఎస్టీ కలిసిన ధర మీద ఎస్‌జీఎస్టీ లెక్కవుతుంది, పైసలు ఎక్కువ పడతాయి. మిగతా రాష్ట్రాల కోసం ఐజీఎస్టీ 5 శాతం వరుసను రాష్ట్రం గడి ఖాళీగా వదిలేసి, వేరే ప్రయారిటీతో పెడితే, ఖాళీ అంటే అన్ని రాష్ట్రాలూ అని అర్థం కాబట్టి సొంత రాష్ట్రంలో కొన్నవాళ్లకు మూడు వరుసలూ కలిసి 10 శాతం పడుతుంది.

ఆ పేజీని ఐదు నిమిషాలు చూస్తే మాలో ఏ ఆడిటరైనా పట్టుకోగలడు. ప్రయారిటీ నియమం తెలియకపోయినా, ఒక ఉత్తుత్తి ఆర్డరు పెట్టి బిల్లు చూస్తే చాలు, సగమే పడిందని తెలిసిపోతుంది. మేం మాత్రం నెలాఖరు రిపోర్టులో అమ్మకాల మొత్తం చూసి, దాని మీద 5 శాతం కట్టి, ‘వసూలైనదానికీ కట్టాల్సినదానికీ తేడా వచ్చిందమ్మా, మీ చేతి నుంచి వెయ్యండి’ అన్నాం. ఆవిడ వేసింది. తేడా ఎందుకొచ్చిందో మేం చూడలేదు. మరుసటి నెలా అదే తేడా, అదే మాట. 10 శాతం పడిన చోట సంగతి ఇంకో రకం. పన్ను పేరుతో వసూలు చేసిన ప్రతి రూపాయీ ప్రభుత్వానికి కట్టాల్సిందేనని జీఎస్టీ చట్టం 76వ సెక్షన్ చెబుతుంది. కొన్నవాళ్లు నష్టపోయారు, ఆ సంగతి వాళ్లకు ఎప్పటికీ తెలియదు.

అసలు నంబరు తీయించే దగ్గరే మేం పూర్తి మాట చెప్పలేదు. వస్తువులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 20 నుంచి 40కి చేసిన ఆ పెంపును తెలంగాణ తీసుకోలేదు, అక్కడ 20 లక్షలే. ఈ అంకెలు వ్యాపారులందరి నోటా ఉన్నాయి, మేమే చెప్పాం. ‘మీది అంత లేదుగా, ఇప్పుడే ఎందుకు’ అన్నాం. పన్ను ఉన్న సరుకు రాష్ట్రం దాటి వెళ్తే ఆ పరిమితి వర్తించదని, మొదటి రూపాయి నుంచే నంబరుండాలని 24వ సెక్షన్‌లో ఉందని చెప్పడం మానేశాం. తెలుగువాళ్ల వ్యాపారానికి ఇది ఎంత దగ్గరి విషయమో చూడండి. గుంటూరులో పచ్చళ్లు పెట్టే మనిషికి మొదటి ఆర్డరు ఎక్కడి నుంచి వస్తుంది? హైదరాబాద్ నుంచి. ఆవిడ లెక్కలో హైదరాబాద్ వేరే ఊరే తప్ప వేరే రాష్ట్రం కాదు. చెల్లెలు అక్కడే ఉంటుంది, కొడుకు అక్కడే పనిచేస్తాడు. 2014 జూన్ 2 తర్వాత చట్టానికి మాత్రం అది బెంగళూరు ఎంతో అంత. జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు చూసినా తెలుస్తుంది: తెలంగాణది 36, ఆంధ్రప్రదేశ్‌ది 37. ఆ ఒక్క సీసా హైదరాబాద్ కొరియర్ ఎక్కిన రోజునే 40 లక్షల పరిమితి ఆవిడకు లేకుండా పోయింది.

కాంపొజిషన్ పథకంలో చేర్చినవాళ్ల విషయంలో మా నేరం ఇంకా పెద్దది. 1 శాతం కట్టేస్తే చాలు, లెక్కల బాధ లేదని మేమే చేర్పించాం. ఆ పథకంలో ఉన్నవాళ్లు ఇతర రాష్ట్రాలకు అమ్మకూడదు, కొన్నవాళ్ల దగ్గర పన్ను వసూలు చేయకూడదు. కొన్నాళ్లకు వాళ్లు సైట్ పెట్టారు, చెన్నైకీ పుణేకీ పంపారు, బిల్లులో జీఎస్టీ అని వేశారు. మూడు నెలలకోసారి మేం టర్నోవరు అడిగి చలాను కట్టించాం. ఎవరికి అమ్మారు, ఎక్కడికి పంపారు అని అడగలేదు. మరోవైపు, చేతివృత్తుల వస్తువులు తయారు చేసేవాళ్లు రాష్ట్రం దాటి అమ్మినా కొన్ని షరతులతో, పరిమితి లోపల రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మినహాయింపు 2017 సెప్టెంబరు నుంచీ ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి, నంబరు లేని చిన్నవాళ్లు కూడా సొంత రాష్ట్రం లోపల ఇ-కామర్స్ సైట్ల ద్వారా అమ్ముకునే వీలు వచ్చింది. ఇలాంటివి చేతిపని వాళ్లకు చెప్పడంలో మాకు ఆదాయం లేదు. చెప్పలేదు.

బిల్లు అడ్రసు, డెలివరీ అడ్రసు సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురు విజయవాడలో ఉన్న అమ్మకు పుట్టినరోజు చీర పంపాలని మంగళగిరి దుకాణంలో ఆర్డరు పెట్టింది. డబ్బు కట్టినది తెలంగాణ అడ్రసుతో, చీర దిగేది ఆంధ్రప్రదేశ్‌లో. రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారుల విషయంలో రెండు అడ్రసులూ వేరైతే డెలివరీ అడ్రసే సరఫరా స్థలమని 2024 జూన్ 26న వచ్చిన 209వ జీఎస్టీ సర్క్యులర్ తేల్చి చెప్పింది. కాబట్టి ఇక్కడ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడాలి. సైట్‌లో పన్నును ఏ అడ్రసు మీద లెక్కించాలో ఎంచుకునే చిన్న పెట్టె ఒకటుంది: డెలివరీ అడ్రసు, బిల్లింగ్ అడ్రసు, కొట్టు అడ్రసు. బిల్లింగ్ అడ్రసు ఎంచుకుని ఉంటే ఇలాంటి ప్రతి బిల్లూ ఐజీఎస్టీ అవుతుంది. కొట్టు అడ్రసు ఎంచుకుని ఉంటే దేశంలో ఎక్కడికి పంపినా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీయే పడతాయి. ‘మొత్తం 5 శాతమేగా, ఏ పేరుతో పడితే ఏంటి’ అని మాలోనే అన్నవాళ్లున్నారు. ఈ పన్ను సరుకు వాడుకునే రాష్ట్రానికి చేరాల్సిన పన్ను. పేరు తప్పితే ఒక రాష్ట్రానికి రావాల్సింది ఇంకో రాష్ట్రానికి పోతుంది. దిద్దాలంటే సరైన పద్దు కింద మళ్లీ మొత్తం కట్టి, పొరపాటున కట్టినది రెండేళ్ల లోపు రిఫండ్ అడగాలి. వడ్డీ పడదన్నది నిజమే. కానీ సరుకు కొనడానికి దాచుకున్న డబ్బును రెండోసారి పన్నుగా కట్టి రిఫండ్ కోసం ఎదురు చూడటం చిన్న వ్యాపారికి ఎంత కష్టమో మా ఆఫీసుల్లో కూర్చుంటే తెలియదు.

ధరలో పన్ను కలిసి ఉందా, విడిగా పడుతుందా అన్నది ఇంకో పెట్టె. నాకు అన్నింటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇక్కడ పోయేది నేరుగా మనిషి కష్టార్జితం. పచ్చడి సీసా ధర 400, పన్నుతో 420 అని ఆవిడ లెక్క. సైట్‌లో 420 అని వేసింది. పన్ను విడిగా అని సెట్టింగ్ ఉంటే కొనేవాళ్లకు 441 అవుతుంది, చివరి పేజీలో అది చూసి వెనక్కి పోతారు, ఎందుకు పోతున్నారో ఆవిడకు అర్థం కాదు. అసలు పన్నే ఆన్ చేయకుండా 400కు అమ్మితే, ఆ 400లోనే పన్ను ఉన్నట్టు లెక్కేసి 19 రూపాయల చిల్లర తీసి మేం ప్రభుత్వానికి కట్టిస్తాం. నియమం ప్రకారం అది సరైనదే. కానీ మామిడికాయ కోత దగ్గర నుంచి సీసా మూత దాకా అన్ని ఖర్చులూ పోగా ఒక సీసా మీద ఆవిడకు మిగిలేది ఎంతని ఆ 19 తీసేశాం? మొదటి రోజే 420 పెట్టుకోమని చెప్పి ఉంటే ఆ డబ్బు ఆవిడకు మిగిలేది.

2025 సెప్టెంబరు 22న రేట్లు మారాయి. 12, 28 శాతం శ్లాబుల్లోని చాలా సరుకులు 5 లోకి, 18 లోకి వచ్చాయి. పచ్చళ్లు, నెయ్యి, ప్యాకెట్లలో అమ్మే కారప్పూస లాంటి చిరుతిళ్లు 12 నుంచి 5కు దిగాయి. పెద్ద కంపెనీల సిస్టమ్‌లు ఆ రాత్రికే మారాయి. చిన్న సైట్ల కోసం ఆ వారంలో మేమేం చేశాం? వాట్సాప్ గ్రూపుల్లో రేట్ల పట్టిక పీడీఎఫ్, ఇంగ్లీషులో, ఫార్వర్డ్ చేశాం. దాన్ని చూసి సైట్‌లో ఏ గడి మార్చాలో ఎంతమంది క్లయింట్లకు చెప్పాం? ఆ రోజు తర్వాత కూడా 400 సీసా మీద 48 రూపాయలు పన్ను పడుతూనే ఉన్న దుకాణాలు ఉన్నాయి. సరుకు మీద 20 కట్టాల్సిన కొనుగోలుదారు 48 కట్టాడు. తగ్గింపు ప్రకటించిన ప్రభుత్వం ఉంది, కట్టడానికి సిద్ధంగా ఉన్న జనం ఉన్నారు, మధ్యలో పట్టిక మార్చే బాధ్యత తీసుకోవాల్సిన మేం పీడీఎఫ్ పంపి ఊరుకున్నాం.

బట్టల దుకాణాల గొడవ ఎక్కువ. చీర చట్టం దృష్టిలో గుడ్డ కిందికి వస్తుంది. ఎంత ఖరీదైనా 5 శాతమే. కుట్టిన కుర్తా అయితే రెడీమేడ్ దుస్తులు, ఒక్కోటి 2,500 దాకా 5 శాతం, దాటితే 18. 4,000 చీర మీద 200 పన్ను, 4,000 కుర్తా మీద 720. ఒకే సైట్‌లో రెండూ ఉంటాయి, రెండింటికీ ఒకే పన్ను తరగతి తగిలించి ఉంటుంది. డిస్కౌంటు వస్తే ఇంకో మెలిక. 2,700 కుర్తాకు 18 శాతం తరగతి ఇచ్చి ఉంచారు. పండక్కి 10 శాతం తగ్గింపు కూపన్ పెట్టారు. అమ్మిన ధర 2,430, అంటే 5 శాతమే పడాలి. తరగతిని వస్తువుకు అంటగట్టిన సైట్ కూపన్ తర్వాతి ధరను చూసి రేటు మార్చదు, 18 వేసేస్తుంది. ఇది సైట్ చేసే అబ్బాయికి తట్టే విషయం కాదు. మాకు తట్టాలి.

పండగ గిఫ్టు పెట్టెలూ అంతే. మిఠాయి, కారం, చిన్న సెంటు సీసా కలిపి ఒకే ధరకు అమ్మితే అది మిక్స్‌డ్ సప్లై, అందులో ఎక్కువ రేటున్న వస్తువు రేటు పెట్టె మొత్తానికి. సెంటు 18 కాబట్టి మిఠాయి మీదా 18. సెంటు తీసేసినా, విడివిడి ధరలతో విడిగా అమ్మినా సరిపోయేది. కొరియర్ చార్జీ, ప్యాకింగ్ చార్జీ విడిగా వసూలు చేస్తే అవి కూడా సరుకు విలువలో భాగమే, సరుకు రేటే వాటికీ పడుతుంది. షిప్పింగ్ గడిలో టిక్కు పెట్టని సైట్లలో ఆ పన్ను పడనే పడదు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు పచ్చళ్లు, చీరలు తెప్పించుకుంటారు. అది ఎగుమతి, ఎల్‌యూటీ అనే హామీపత్రం పెట్టుకుంటే పన్ను లేకుండా పంపవచ్చు. ఎల్‌యూటీ ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా పెట్టాలి. పెట్టడానికి ఖర్చేమీ లేదు. మేం మర్చిపోయిన సంవత్సరాలున్నాయి. డల్లాస్ అడ్రసుకు కూడా 5 శాతం జీఎస్టీ వేసిన బిల్లులున్నాయి. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలో అమ్మేవాళ్లకు అమ్మకం మీద టీసీఎస్ అనే పన్ను కోస్తారు, 2024 జూలై 10 నుంచి అది 1 శాతం నుంచి అర శాతానికి తగ్గింది. అలా కోసినది పోర్టల్‌లో ఒప్పుకుంటే వ్యాపారి క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. ఆ బటన్ నొక్కని నెలలూ ఉన్నాయి. అది వ్యాపారి సొమ్ము.

ఇన్ని తెలిసీ ఎందుకు చేయలేదు? ఫీజు చాలదు అన్నది మా మొదటి సమాధానం. రిజిస్ట్రేషన్ ఎంత తక్కువకు చేస్తామన్న పోటీ మేమే పెట్టుకున్నాం. తక్కువ ఫీజుకు తక్కువ పని అని మాలో మేం ఒప్పుకున్నాం తప్ప క్లయింటుతో ఆ మాట అనలేదు. ‘మీకు ఈ భాగం చేయడం లేదు’ అని చెప్పి ఉంటే ఆవిడ ఇంకెవరినైనా అడిగేది. సైట్ మా పని కాదన్నది రెండో సమాధానం. పన్ను మా పని కాదని సైట్ చేసిన అబ్బాయి అన్నాడు. ఆ ఇద్దరి మధ్యా ఆవిడ ఒక్కతే మిగిలింది. మూడోది చెప్పడానికి నోరు రాదు కానీ చెప్పాలి. నోటీసు వస్తే మాకు పని, తప్పు జరగకుండా ఆపితే మాకు పైసా రాదు. మా సంఘాల్లో సెమినార్లు అన్నీ నోటీసులకు జవాబుల మీద, అప్పీళ్ల మీద. కొత్తగా పెట్టిన సైట్‌ను పన్ను కోసం ఎలా చూడాలి అన్న సెమినార్‌కు నేనెన్నడూ వెళ్లలేదు, ఎవరైనా పెట్టినట్టు వినలేదు. తెలుగులో ఒక పేజీ రాసి పంచుదామని కూడా మాలో ఎవరమూ లేవలేదు. 2025 జూలైలో బెంగళూరులో యూపీఐ వసూళ్లు చూసి చిన్న కొట్ల వాళ్లకు నోటీసులు వచ్చినప్పుడు మన ఊళ్లలోనూ వ్యాపారులు భయపడి మా దగ్గరికి వచ్చారు. అప్పుడైనా కూర్చోబెట్టి చెప్పాల్సింది. ‘మీకేం కాదులెండి’ అని పంపించాం.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. సైట్ జనానికి తెరవకముందు పన్ను పట్టికను మేం చూడాలి. తర్వాత సొంత రాష్ట్రానికి ఒక ఆర్డరు, పక్క రాష్ట్రానికి ఒకటి, బిల్లు అడ్రసు ఒక రాష్ట్రం డెలివరీ ఇంకో రాష్ట్రంగా ఒకటి, కూపన్‌తో ఒకటి, విదేశానికి ఒకటి పెట్టి చూసి, వచ్చిన బిల్లులను పెన్నుతో లెక్కగట్టి సరిపోయాయో లేదో చూడాలి. రేటు మారిన ప్రతిసారీ మళ్లీ అదే చేయాలి. ఒక పూట పని. దానికి ఫీజు అడగాలి, అడిగితే ఇస్తారు, ఎందుకడుగుతున్నామో చెబితే.

ఇప్పటికే జరిగిపోయిన తప్పుల మాటేమిటి? కిందటి ఆర్థిక సంవత్సరం బిల్లులను నవంబరు 30 దాకా రిటర్నులో దిద్దుకోవచ్చు. అంతకు ముందువైతే నోటీసు రాకముందే డీఆర్‌సీ-03 ఫారంలో పన్ను, వడ్డీ కట్టేస్తే, మోసం లేని పొరపాట్లకు పెనాల్టీ ఉండదు. కానీ ఆ పన్నును ఇప్పుడు కొన్నవాళ్ల దగ్గరికి వెళ్లి అడగలేరు కదా. సీసా ఎప్పుడో ఖాళీ అయింది. సైట్‌లో పడకుండా పోయి మేమూ కట్టించని ఆ పన్నును ఆవిడ తన లాభంలోంచే కట్టాలి, దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. పన్ను ఆవిడదే, చట్టం అలాగే ఉంది. వడ్డీ మాత్రం మేం నెలనెలా రిటర్ను వేస్తూ చూడకుండా వదిలేసిన నెలలది. ఆ నెలల వడ్డీని మేం తీసుకున్న ఫీజులోంచి వెనక్కి ఇవ్వాలని మా సంఘంలో ప్రతిపాదన పెడతాను. ఓడిపోయినా, నా క్లయింట్లకు నేనిస్తాను.